ఐదున్నరకే తెరిచే ల్యాబ్

బేతంచెర్ల రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో, టైర్ల కొట్టు పక్కన ఒక గది ఉంది. ఆరేళ్ల క్రితం ఆ గదిలో నేను రక్తపరీక్షల సెంటర్ పెట్టాను. బోర్డు, దాని మీది రంగులు, రిపోర్టు కాగితం, నేను వేసుకునే తెల్లకోటు, అన్నీ హైదరాబాదులోని ఒక పెద్ద ల్యాబ్ కంపెనీవి. గది, కరెంటు, చాకిరీ నావి. దీన్నే ఫ్రాంచైజీ అంటారు. నేను రక్తం తీసి, ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెలో సర్ది, కర్నూలు బస్సులో పంపిస్తాను. అక్కడ కంపెనీ మనిషి ఒకాయన దించుకుని హైదరాబాదు చేరుస్తాడు. మర్నాడు రిపోర్టు నా కంప్యూటర్లోకి వస్తుంది. దాన్ని అచ్చు తీసి ఇస్తాను.

ఈ మధ్య కొత్తగా ఇలాంటి సెంటర్లు పెట్టాలనుకునేవాళ్లు నాకు ఫోన్ చేసి, ఎలా నిలదొక్కుకున్నారని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు చప్పున జవాబు చెప్పలేను. ముందు మనుషులు గుర్తొస్తారు. వాళ్ల గురించి చెప్పకుండా నా సెంటర్ గురించి చెప్పడం కుదరదు.

నేను పుట్టింది వేంపల్లె దగ్గర. మా నాయన వేరుశనగ పండించేవాడు, నీళ్లున్న ఏడాది అరటి పెట్టేవాడు. కడపలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. కర్నూలులో ఒక ఆసుపత్రి ల్యాబులో ఎనిమిదేళ్లు పనిచేశాను. నా భర్తకు బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చాక ఇక్కడికి మారాం. ఊళ్లో చక్కెర పరీక్ష తప్ప ఇంకే పరీక్ష కావాలన్నా జనం డోనుకో, నంద్యాలకో, కర్నూలుకో పోవాల్సి వచ్చేది. అది చూసే కంపెనీకి దరఖాస్తు పెట్టాను.

ట్రైనింగు మూడు రోజులు హైదరాబాదులో. చివర్లో మా చేతికి దిండంత లావు నియమాల పుస్తకం ఇచ్చారు. సూది ఏ కోణంలో గుచ్చాలి, ట్యూబును ఎన్నిసార్లు తిప్పాలి, బోర్డు ఎంత ఎత్తులో కట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. అది చూస్తేనే నాకు నీరసం వచ్చింది. నా పక్కన యాభై ఏళ్లు దాటిన ఒకావిడ కూచుని ఉంది. కడపలో అప్పటికే రెండేళ్లుగా ఇదే కంపెనీ సెంటర్ నడుపుతోంది. పాత సెంటర్ల వాళ్లకు మళ్లీ ఇచ్చే ట్రైనింగుకు వచ్చింది. మధ్యాహ్నం తన డబ్బాలోని పెరుగన్నం నాకు సగం పెట్టి, నాది ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"బేతంచెర్లనా? ఆడ మా మేనత్త ఉండాది. ఎండ శానా ఎక్కువ పాపా ఆ ఊర్లో" అంది. వెళ్లేటప్పుడు నా ఫోన్ తీసుకుని తన నంబరు తనే ఎక్కించింది. "ఏం తోచకపోయినా నాకు చెయ్. కంపెనీకి చేస్తే పుస్తకం చదివి వినిపిస్తారు."

ఆ రోజు నుంచీ ఆమెను నేను అక్కా అనే పిలుస్తున్నాను.

మొదటి మూడు నెలలు నాకు చేతినిండా ఖాళీ. పుస్తకంలో రాసినట్టు ఉదయం ఏడింటికి తెరిచేదాన్ని. పరగడుపున చేయించుకోవాల్సిన పరీక్షలకు పొద్దున్నే రమ్మని బోర్డు పెట్టాను. ఒకరో ఇద్దరో టీచర్లు, పింఛను తీసుకునే పెద్దవాళ్లు వచ్చేవారు. తొమ్మిదిన్నర బస్సుకు నేను పంపే పెట్టెలో ట్యూబుల కంటే ఐస్ ప్యాకులే ఎక్కువ. కంపెనీ తరఫున మా జిల్లా చూసే మేనేజరు, గుంటూరు వైపు అబ్బాయి, నెలకోసారి వచ్చి మర్యాదగానే అడిగేవాడు, "మేడం, ఏమైనా పెరిగిందా అండీ?" అని. నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

సాయంత్రాలు నా గదీ, టైర్ల కొట్టూ ఊడ్చడానికి ఒకామె వచ్చేది. నలభై ఐదేళ్లుంటాయి. పగలంతా నాపరాయి గనుల్లో బండలు ఎత్తే పని. పొద్దుగూకాక ఇంటికి పోతూ పోతూ మా దగ్గర చీపురు పట్టేది. ఒకరోజు నేను ఊరికే కూచుని ఉండటం చూసి, ఊడుస్తూనే అంది.

"అమ్మా, నువ్వు ఏడుకు తెరిస్తే మావాళ్లు యాడ వస్తారు? ఆరింటికే ట్రాక్టర్ ఎక్కుతాము. పరగడుపున రమ్మని రాసినావు. రక్తం ఇచ్చేదాకా పస్తుండి బండలు మోయాల్నా?"

ఎనిమిదేళ్లు ల్యాబులో పనిచేసి, ఆ ఊళ్లోనే కాపురం ఉంటూ, ఆ మాట నాకు తోచలేదు. మా వీధి చివరినుంచే రోజూ ఆ ట్రాక్టర్లు పోతాయి. అప్పట్లో ఆ శబ్దానికే నేను నిద్ర లేచేదాన్ని.

అక్కకు ఫోన్ చేసి, పుస్తకంలో ఏడు గంటలని ఉందే ఎలా అని అడిగాను. "ఏడుకు తెరవాలని ఉండాది. అంతకుముందు తెరవగూడదని యాడన్నా ఉండాదా? బాగా చూడు" అంది. వెతికాను. ఎక్కడా లేదు. అయితే రక్తం తీశాక ఎంతసేపట్లో చల్లటి పెట్టెలోకి పోవాలో, ప్యాకులు ఎప్పుడు మార్చాలో ఆ పేజీల్లోనే వివరంగా ఉంది. నాకు నీరసం తెప్పించిన పుస్తకాన్ని అప్పుడు మొదటిసారి శ్రద్ధగా చదివాను. మేనేజరు అబ్బాయికి చెబితే హైదరాబాదులో మాట్లాడి అనుమతి తెచ్చాడు. పెట్టె బస్సు కోసం నాలుగు గంటలు ఆగాలి కాబట్టి ఎక్కించే ముందు ప్యాకులు తప్పకుండా మార్చాలని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఐదున్నరకు తెరిచిన మొదటిరోజు ఐదుగురు వచ్చారు. నలుగురు ఆడవాళ్లు, ఒక మగమనిషి. అందరినీ తీసుకొచ్చింది గది ఊడ్చే ఆమే. చేతుల్లో అన్నం క్యారియర్లు, తలలకు గుడ్డలు. రక్తం ఇచ్చి లేవగానే ఒకామె కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. మర్నాటి నుంచి నా భర్త ఫ్లాస్కు నిండా టీ, ఒక పొట్లం బన్నులు తెచ్చిపెట్టి తన పనికి పోవడం అలవాటు చేసుకున్నాడు. నేను అడగలేదు.

గది ఊడ్చే ఆమెది క్రైస్తవ కుటుంబం. వాళ్ల పాస్టరుగారికి నా గురించి చెప్పింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నన్ను పిలిపించి, చక్కెర జబ్బు గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. నేను అంతకుముందు చర్చి లోపలికి పోయింది లేదు. రాతి గోడలు, చల్లటి నేల, బారుగా చాపల మీద కూచున్న జనం. ఏదో చెప్పాను. ఒక ముసలావిడ లేచి, రక్తం తీస్తే మళ్లీ ఊరుతుందా అని అడిగింది. ఊరుతుందమ్మా అంటే అందరూ నవ్వారు. సోమవారం తెల్లవారకముందే పాస్టరుగారు వచ్చి మొదటి కుర్చీలో కూచుని చొక్కా చేయి మడిచారు. ఆయన వెనక పద్నాలుగు మంది ఉన్నారు.

అలా ఏడాదిన్నర బాగా గడిచింది. రెండో ఎండాకాలంలో నా తప్పు ఒకటి జరిగింది.

మే నెల. ముందురోజు మధ్యాహ్నం నుంచి కరెంటు వస్తూ పోతూ ఉంది. తెల్లారి ఫ్రీజరు తెరిచి చూస్తే ప్యాకులు సగమే గడ్డకట్టి ఉన్నాయి. బయట జనం. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుని వాటితోనే పెట్టె సర్దేశాను. తొమ్మిదిన్నరకు మార్చడానికి వేరే ప్యాకులు లేవు. ఆరోజే దారిలో బస్సు ఆగిపోయింది. ఎండలో మూడు గంటలు నిలిచి, ఇంకో బస్సు వచ్చాక కదిలింది. పెట్టె హైదరాబాదు చేరేసరికి బాగా ఆలస్యమైంది.

మర్నాడు మధ్యాహ్నం రిపోర్టులు చూశాను. ఇరవై ఒక్క మందిలో తొమ్మిది మంది శాంపిళ్లు పాడయ్యాయని తిప్పి పంపారు. మిగతా పన్నెండు మందికి రిపోర్టులు వచ్చాయి. చూడటానికి మామూలుగానే ఉన్నాయి. బస్సు ఆగిపోయిన సంగతి కంపెనీకి తెలుసు. ప్యాకుల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తొమ్మిది మందికి బస్సు పేరు చెప్పి, మిగతావాళ్లకు అచ్చు తీసి ఇచ్చేస్తే అయిపోతుంది. నిజం చెప్పాలంటే నా చేయి ప్రింటరు స్విచ్ మీదికి పోయింది కూడా.

అక్కకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. పన్నెండు మందివి బాగానే వచ్చాయి కదక్కా అన్నాను.

"పెట్టె ఒకటే గదా పాపా" అంది.

ఫోన్ పెట్టేసి ప్రింటరు మీద గుడ్డ కప్పాను.

మేనేజరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అబ్బాయికి కోపం వచ్చింది. ప్యాకులు గట్టిపడలేదని తెలిసీ ఎలా పంపించారండీ, అన్నిసార్లు చెప్పాను కదా అన్నాడు. తప్పు నాదేనన్నాను. తర్వాత నెమ్మదిగా, జరిగింది జరిగినట్టే పైకి రాస్తానని, కంపెనీ నుంచి నాకు నోటీసు రావచ్చని, ఇరవై ఒక్క మందికీ మళ్లీ ఉచితంగా పరీక్షలు చేయిస్తానని చెప్పాడు. పెట్టేసే ముందు, "మీరు చెప్పకపోతే ఇది నాకెప్పటికీ తెలిసేది కాదండీ" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

ఆ సాయంత్రం నుంచి ఇల్లిల్లూ తిరిగాను. మీ రక్తం నా పొరపాటు వల్ల పాడైంది, మళ్లీ ఇవ్వాలి అని చెప్పడం ఎంత కష్టమో మొదటి గుమ్మం దగ్గరే తెలిసింది. కొందరు సరేనన్నారు. ఒకరిద్దరు తలుపు వేసుకున్నారు. ఊరి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. ఇరవై ఎకరాల రైతు, కొడుకులకు పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆయన రిపోర్టు వచ్చిన పన్నెండు మందిలో ఒకడు. దాని ప్రకారం చక్కెర కొంచెం ఎక్కువ, అంతే.

"రక్తమేమన్నా బోరు నీళ్లామ్మా, నీకు కావాల్సినప్పుడల్లా తోడుకోను?" అన్నాడు అరుగు మీద నుంచి లేవకుండానే.

వేడిలో నిలిచిన రక్తంలో చక్కెర తరిగిపోతుంది పెద్దనాయనా, అసలు ఎంత ఉందో ఆ రిపోర్టు చూసి చెప్పలేం అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నేను అక్కడే నిలబడ్డాను. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చి, తను పంపిస్తానని కళ్లతోనే చెప్పింది.

రెండో రోజు ఉదయం స్టేషన్ వైపు నుంచి అక్క నడుచుకుంటూ వచ్చింది. కడప నుంచి నంద్యాలకు బస్సు, అక్కణ్ణుంచి రైలు. రెండు భుజాలకూ రెండు చల్లటి పెట్టెలు, చేతిలో సంచి. వస్తున్నానని ముందు చెప్పలేదు. సెంటర్ ఎవరికి అప్పగించి వచ్చావని అడిగితే, చూసుకునేవాళ్లు చూసుకుంటారు, ముందు నీళ్లియ్యి అంది.

రెండు రోజులు మా ఇంట్లో ఉంది. మర్నాడు ఐదున్నరకు నా పక్కన కూచుని రక్తం తీసింది. సన్నటి నరాలున్న ముసలివాళ్లందరినీ తన కుర్చీలోకి పిలుచుకుంది. ఆమె సూది గుచ్చినట్టు తెలిసేది కాదు. ఆ వరుసలోనే పెద్దాయన భార్య వెంట పెద్దాయన కూడా వచ్చాడు. నావైపు చూడకుండా చేయి చాపాడు.

తర్వాత అక్క నా గది అంతా కలియతిరిగింది. ప్యాకులు ఎప్పుడూ రెండు జతలు ఉండాలంది. కరెంటు పోయిన రోజుకోసం, జనరేటరున్న మందుల షాపులో ఒక జత పెట్టుకోనివ్వమని ఆ షాపాయనను తనే వెళ్లి అడిగింది. నేను ఆ షాపు ముందునుంచి రోజూ పోతాను గానీ, అడగొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. పెట్టె లోపల వేడి ఎంతుందో బయటికి చూపించే చిన్న థర్మామీటరు సంచిలోంచి తీసి అమర్చింది. తొమ్మిదిన్నర బస్సు రాగానే ఎక్కి కండక్టరుతో మాట్లాడింది. పెట్టెలో ఏముందో, ఎవరెవరిదో చెప్పింది. అంతవరకూ దాన్ని ఆయన ఇంజను పక్కన పెట్టించేవాడు. పాపం, ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆరోజు నుంచి తన సీటు కింద నీడలో పెట్టుకుంటున్నాడు. బస్సు ఎక్కడైనా ఆగితే నాకు ఫోన్ చేస్తాడు.

పెద్దాయన రిపోర్టు వచ్చింది. మొదటిదానికీ దీనికీ పొంతనే లేదు. చక్కెర బాగా ఎక్కువ ఉంది. కొడుకు కర్నూలుకు తీసుకుపోతే డాక్టరు ఆరోజే మందులు మొదలుపెట్టాడట. కంటి పరీక్ష కూడా రాశాడట. పది రోజుల తర్వాత పెద్దాయన వచ్చి బెంచీ మీద కూచున్నాడు. కాసేపయ్యాక, "మా తమ్ముణ్ణి కూడా రేపు తోలుకొస్తా. పరగడుపునే గదా?" అని అడిగి లేచిపోయాడు.

అంతమాత్రాన అన్నీ చక్కబడలేదు. తన పనివాళ్లందరికీ నా దగ్గరే పరీక్షలు చేయిస్తానన్న ఒక ఫ్యాక్టరీ యజమాని మనసు మార్చుకున్నాడు. రక్తం పాడుచేసే ల్యాబ్ అని బజారులో కొన్నాళ్లు అనుకున్నారు. కంపెనీ నోటీసు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చి, నా గదిలో ప్రతి అరా తెరిచి చూసి, ఒక రోజంతా నా వెనకే నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయితే వెళ్లేముందు ఆవిడే నా థర్మామీటరు ఫోటో తీసుకుంది. కొన్ని నెలలకు కంపెనీయే అన్ని సెంటర్లకూ అలాంటివి పంపింది.

రెండు నెలలు కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. తర్వాత గనుల మనుషులు మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఎందుకు వస్తున్నారో నాకు తెలియలేదు. చాలా రోజులకు ఒకతను చెప్పాడు. గనిలో అన్నాలు తినేటప్పుడు నా మాట వచ్చిందట. మా గది ఊడ్చే ఆమె, "ఆయమ్మ తప్పు ఆయమ్మే ఇంటికొచ్చి చెప్పింది. మనింటికొచ్చి మనకు ఇంతవరకూ అట్ల ఎవురు చెప్పినారు?" అందట. ఆమె నాతో ఈ సంగతి ఎప్పుడూ అనలేదు. భుజం నొప్పితో బండల పని మానేశాక ఇప్పుడు నా దగ్గరే పూర్తిగా ఉంటోంది. ఆమెకూ ఒక కోటు ఇవ్వమని కంపెనీకి రాస్తే, మేనేజరు అబ్బాయి కొలతలు అడిగి మరీ పంపించాడు.

పోయిన కార్తీకంలో అక్క, నేను మహానంది పోయాం. ఇన్నేళ్లలో పనిలేకుండా మేమిద్దరం కలుసుకున్నది అదే మొదలు. కోనేట్లో మునిగి, దర్శనం చేసుకుని, తడి జుట్లతో మెట్ల మీద కూచున్నాం. నేను మామూలుగా అనేదే మళ్లీ అన్నాను. ఆరోజు నువ్వు రాకపోతే నా సెంటర్ ఉండేది కాదక్కా అని. ప్రతి పండక్కీ ఫోన్ చేసి ఆ మాట అంటాను. ఎప్పుడూ ఊఁ అని ఊరుకునేది. ఈసారి నవ్వింది.

"నీ మీద జాలితో వచ్చినాననుకుంటివా పాపా? ఆ వారం నా సెంటర్ మూసేస్తానని కంపెనీకి జాబు రాసి పెట్టుకున్న్యా. మా వీధిలో అద్దాల తలుపులతో ఇంకో ల్యాబ్ పడినాది. నా కాడికి ఎవురూ రావడంల్యా. ఖాళీ కుర్చీలు చూడలేక, ఆ వంకన నీ కాడికి వచ్చినా."

ఆమె జుట్టు విదిలించుకుంటూ మిగతాది చెప్పింది. ఆ తెల్లారి నా గది ముందు క్యారియర్లు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లను చూసిందట. కడపలో కూరగాయల మార్కెట్టుకు తెల్లారకముందే గంపలతో వచ్చేవాళ్లు గుర్తొచ్చారట. తిరిగి వెళ్లిన మూడోరోజు నుంచి ఆమె కూడా పెందలాడే తెరవడం మొదలుపెట్టింది. జాబు చించేసింది. మార్కెట్టు వాళ్లు అద్దాల తలుపుల ల్యాబుకు పోవడానికి జంకుతారట. ఆమె దగ్గరికైతే గంప గుమ్మంలో దించి వస్తారట.

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే, కష్టమొచ్చినప్పుడు నాకు ఫోన్ చేసేదానికి మొగమాటపడతావు. ఆయక్కకే సరిగ్గా జరగడంల్యా అనుకుంటావు. నువ్వు ఫోన్ చేస్తాంటే నాకూ ధైర్యంగా ఉన్న్యాది."

ఎవరో పిల్లలు పక్కనుంచి నీళ్లలోకి దూకారు. మా ఇద్దరి మీదా చిందింది. సంచిలో తెచ్చుకున్న చిత్రాన్నం తీసి తిన్నాం. ఆమె ఎప్పటిలాగే తన దాంట్లో సగం నా ఆకులో వేసింది. నంద్యాల బస్టాండులో కడప బస్సు ముందొచ్చింది. ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికేదాకా నేను కింద నిలబడే ఉన్నాను.